పదకొండు గంటల తనిఖీ

"మా నోటికాడి కూడు లాగేసిందెవరా అని పొద్దున్నుంచి దుమ్మెత్తిపోస్తున్నాను. తీరా చూస్తే కింద సంతకం మీది, అల్లుడు గారూ!"

అత్తగారు చెప్పులు కూడా విప్పలేదు. సంత గోడ మీంచి ఊడబెరుక్కొచ్చిన నోటీసుని భోజనాల బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా దాని మీద ఒక ముల్లంగి పెట్టింది. వెనక జిగురు ఇంకా చేతికి అంటుకుంటోంది. సర్వేయరు నోటిదాకా తెచ్చుకున్న చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"అది నా సంతకం కాదు అత్తయ్యా. అంటే... నాదే. కానీ నేను రాసింది తనిఖీ రిపోర్టు. నోటీసు వేసింది ఆఫీసు."

"ఆఫీసుకి చెయ్యుంటుందా సంతకం పెట్టడానికి? చెయ్యి మీదేగా!"

నిజమే, ఆఫీసుకి చెయ్యుండదు. అందుకే ఎంత ఘోరం చేసినా దానికి చేతులు కడుక్కునే పని పడదు. కడుక్కోవాల్సినవాళ్ళు ఇలా భోజనాల బల్ల దగ్గర దొరికిపోతారు.

ట్రాలీ ఆటో తాళంచెవి వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడ్డ మరదలు ముందుకొచ్చింది. అమ్మ పండించిన కూరగాయల్ని రోజూ సంతకు చేర్చేది తనే. నోటీసు తీసుకుని రేడియోలో వార్తలు చదివినట్టు చదివింది.

"'నగరంలోని అయిదు పేటలలో జరుగు రైతు సంతలను తనిఖీ చేయగా, వాటిలో రైతులెవరును లేరనియు, ఉన్నవారందరూ మారుబేరగాళ్ళేననియు తేలినది. కావున సదరు సంతలను రద్దుపరచి, బస్సు డిపో వెనుక నిర్మించిన షెడ్డునకు తరలించు విషయము శనివారం పదకొండు గంటల సమావేశంలో నిర్ణయించబడును.' అబ్బ, ఏం తెలుగు బావా! సదరు అంటే మా అమ్మేనా?"

"అంత పొడుగు నేను రాయలేదు" అన్నాడు సర్వేయరు.

"మీరెంత రాశారు?" అత్తగారి గొంతు చల్లబడింది. ఆ చల్లదనమే ఎక్కువ భయపెట్టింది అతణ్ణి.

"ఒకటే ముక్క. రైతులు లేరు అని."

"అయిదు పేటలూ తిరిగారా?"

"తిరిగాను. రోజుకొకటి."

"సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ అయిదు చోట్లా నేనే కూర్చుంటాను. ఒక్కచోటైనా మీ కంటికి ఆనలేదా? అంత చిన్నగా ఉన్నానా నేను?"

అత్తగారు చిన్న మనిషేం కాదు. ఆమె ఎక్కితే ట్రాలీ ఆటో ఒక పక్కకి ఒరుగుతుంది. సర్వేయరు ఆమెను పైనుంచి కిందకి చూసి, చూడకూడదని గుర్తొచ్చి, కళ్ళు ముల్లంగి మీదకి తిప్పుకున్నాడు.

"మీరు పంటంతా హోల్‌సేల్ లారీకి వేస్తారు కదా, అందుకని..."

పక్కగదిలో కుట్టుమిషను ఆగింది. అప్పటిదాకా అది నడుస్తోందన్న సంగతే ఎవరికీ తెలియదు. స్కూలు యూనిఫాం చొక్కా ఒకటి భుజాన వేసుకుని అతడి భార్య గుమ్మంలోకి వచ్చింది.

"లారీకి వెయ్యడం మానేసి మూడేళ్ళయింది. మీకు చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మీరు నక్ష మీద ఎర్రగీత గీసుకుంటూ ఊఁ అన్నారు."

మరదలు తాళంచెవి తిప్పడం ఆపేసింది.

"ఇంతకీ ఏ వేళప్పుడు వెళ్ళారు?" అత్తగారు అడిగింది.

"పదకొండింటికి."

అత్తగారు పెద్దకూతురి వైపు చూసింది. పెద్దకూతురు చిన్నదాని వైపు చూసింది. చిన్నది ఫక్కుమని నవ్వేసింది.

"పదకొండింటికా బావా! పదకొండింటికి మేం ఇంటికెళ్ళి, స్నానం చేసి, తిని, ఒక కునుకు తీసి లేస్తాం! మా సంత అయిదింటికి మొదలై ఎనిమిదింటికల్లా అయిపోతుంది. నువ్వు చూసింది సంత కాదు బావా, సంత వెళ్ళిపోయాక మిగిలిన వీధి."

"ఆఫీసు తెరిచేదే పదింటికి" అన్నాడు సర్వేయరు, ఎవరో అన్యాయం చేసినట్టు. "హాజరు వేసి, ఫైలు తీసుకుని, జీపు వచ్చేసరికి..."

కొందరికి పొద్దు పొడిచేదే పదింటికి. అంతకుముందు లోకంలో ఏం జరిగినా, అది జరగనట్టే లెక్క. ఈ నగరానికి కూర వండి పెట్టేవాళ్ళంతా ఆ జరగని లోకంలోంచే వస్తారు మరి.

సర్వేయరు చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి వదిలెయ్యొచ్చు. ఇతడు పదకొండేళ్ళుగా ఒక్క గీత వంకర గీసినవాడు కాదు. ఎవరిదగ్గరా టీ కూడా ఊరికే తాగినవాడు కాదు. అయిదు పేటలూ కాళ్ళరిగేలా తిరిగి, ప్రతి బుట్ట ముందూ వంగి, 'ఇది మీరే పండించారా?' అని అడిగి, వాళ్ళు కాదంటే కాదని రాసుకున్నాడు. అంత నిజాయితీగా అంత పెద్ద అబద్ధం రాసినవాడు ఆ ఆఫీసులో ఇంకొకడు లేడు.

ఆ రోజు మంగళవారం. శనివారానికి ఎన్నాళ్ళుందో లెక్కపెట్టడానికి వేళ్ళు చాలు.

భార్య భుజాన ఉన్న చొక్కా తీసి మడిచింది. మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"రేపు నాలుగింటికి లేవండి" అంది.

"ఎందుకు?"

ఆమె చొక్కాతో పక్కగదిలోకి వెళ్ళిపోయింది. మిషను మళ్ళీ మొదలైంది.

* * *

బుధవారం తెల్లవారుజామున ట్రాలీ ఆటో ముందు సీటు అత్తగారిది. వెనక పాలకూర బుట్టల మధ్య బీన్స్ సంచి మీద సర్వేయరు, అతడి ఎదురుగా భార్య. ఆమె కప్పుకున్న దుప్పటిలో సగం లాగి అతడి మోకాళ్ళ మీదకి విసిరింది. నిన్న సాయంత్రం నుంచి అతడికి దక్కింది అదొక్కటే. అతడికి అదే చాలనిపించింది.

బుధవారం సంత ఆస్పత్రి వెనక సందులో. ఆటో ఆగేసరికి వీధి దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. సందు పొడుగునా, గోడ వారగా, ఒక ఇటుక, ఒక మూతలేని డబ్బా, మూడు కాళ్ళ స్టూలు, ఒక పగిలిన బకెట్టు. ఇవన్నీ సర్వేయరు ఎరిగినవే. 'దారికి అడ్డంగా చెత్త' అని రిపోర్టులో రాశాడు కూడా.

నడవడానికి అడ్డంగా ఉందని ఇటుకని కాలితో పక్కకి నెట్టబోయాడు.

"అయ్యయ్యో, ముట్టుకోకండి!" గుడ్ల ట్రేలు దింపుకుంటున్న ఒకాయన అక్కణ్ణించే అరిచాడు. "అది క్యారెట్ల అక్క చోటు. జానెడు జరిపారంటే మిమ్మల్ని కూడా క్యారెట్టులా తోలు తీసి పెడుతుంది!"

"వారమంతా ఇక్కడే ఉంటుందా ఈ ఇటుక?"

"రెండేళ్ళుగా ఉంది. ఎవరూ తియ్యరు. మునిసిపాలిటీ ఊడ్చేవాళ్ళు కూడా దాని చుట్టూ ఊడ్చి పోతారు."

సర్వేయరు వంగి చూశాడు. ఇటుకకీ డబ్బాకీ మధ్య అయిదడుగులు. డబ్బాకీ స్టూలుకీ మధ్య అయిదడుగులు. టేపు తియ్యక్కర్లేదు, అతడి కన్నే టేపు. ఎవరూ గీత గియ్యలేదు, ఎవరూ పట్టా ఇవ్వలేదు, ఎవరూ తగువు పడలేదు. అతడి నక్షల్లోని హద్దురాళ్ళని మాత్రం జనం నెలకొకసారి పీకేస్తారు.

"పగిలిన బకెట్టు ఎవరిది?" అని అడిగాడు.

"మీ అత్తగారిది" అంది భార్య. నిన్నటి తర్వాత అతడితో ఆమె అన్న మొదటి మాట అదే.

అయిదున్నరకల్లా సందు నిండిపోయింది. నైట్ డ్యూటీ దిగిన నర్సులు బ్యాగులు భుజానేసుకుని వచ్చి, కూర్చునే ఓపిక లేక నిలబడే బేరమాడుతున్నారు. రొట్టెల బట్టీవాడు ఉల్లికాడలు మోపుగా కొనుక్కుపోయాడు. ఒక ముసలాయన వారంవారం కొనే ఒక్క కీరదోసని పదిటిలోంచి ఏరి, వాసన చూసి, వెలుతురులోకి పట్టుకుని చూస్తుంటే, మరదలు, "తాతా, పిల్లనిస్తున్నామా ఏంటి, కూరగాయేగా!" అంది. ఆయన, "నా పెళ్ళప్పుడు కూడా ఇంత చూడలేదు, అందుకే ఇప్పుడు చూస్తున్నా" అన్నాడు. సందంతా నవ్వింది. సర్వేయరు కూడా నవ్వాడు. నవ్వి, తన పరిస్థితి గుర్తొచ్చి మూతి ముడుచుకున్నాడు.

అత్తగారు అతడికి పాలకూర కట్టలు కట్టే పని అప్పగించింది. మొదటి కట్ట చూసి, "ఇది కట్టా, కట్టెల మోపా?" అంది. రెండోది చూసి ఏమీ అనలేదు. పదోది చూసి దాన్నే ముందు వరసలో పెట్టింది. ఎందుకో తెలియదు, ఆఫీసులో ఇంక్రిమెంటు వచ్చినప్పుడు కూడా అతడికి అంత హాయిగా అనిపించలేదు.

గుడ్లాయన గొంతు మాత్రం ఆగలేదు.

"రైతులు లేరని రాశాడంటమ్మా! వాడెవడో నాకొక్కసారి దొరకాలి. నా నలభై కోళ్ళ పేర్లూ వాడిచేత అప్పజెప్పిస్తా. ఒక్కటి తప్పినా మొదటినుంచి."

"పోనీలే, పొరపాటు పడ్డాడేమో" అంది అత్తగారు, తూకం చూసుకుంటూ.

"నువ్వు వెనకేసుకొస్తావేంటి? వాడు నీ అల్లుడా?"

మరదలికి దగ్గొచ్చింది. భార్య బీన్స్ సంచిలోకి తల పెట్టేసింది. సర్వేయరు పాలకూర కట్టని అవసరానికి మించి బిగించాడు, దారం తెగిపోయింది.

అత్తగారు చెప్పలేదు. చెప్తే అతడి పరువు పోతుంది, అతడి పరువుతో పాటు తన కూతురిదీ పోతుంది. ఆమె మౌనం నిన్నటి తిట్టుకంటే బరువుగా వచ్చి అతడి మెడ మీద కూర్చుంది.

ఎనిమిదింటికి సంత పలచబడింది. అప్పుడొచ్చారు రెండో పూట వాళ్ళు. అందరూ పెద్దవయసు ఆడవాళ్ళే, ఒకరిద్దరు కాళ్ళు సాగని మగవాళ్ళు. రైతుల దగ్గర మిగిలిపోయినవన్నీ వాళ్ళు తీసుకుంటారు. ఆ చోట్లోనే, ఆ బుట్టల ముందే, మధ్యాహ్నందాకా కూర్చుని అమ్ముకుంటారు. రైతు తెల్లారకముందే కోసిన దాన్ని ఎండలో వాడబెట్టుకోకుండా ఇంటికి పోవచ్చు. ముసలివాళ్ళకి పొలం లేకపోయినా పూట గడుస్తుంది. ఈ ఏర్పాటు ఏ ఫైల్లోనూ లేదు, అందుకే ఏ పేచీ లేకుండా నడుస్తోంది.

పగిలిన బకెట్టు దగ్గరికి వచ్చిన ఆమెను అందరూ ఎండమ్మ అంటారు. గొడుగు ఇచ్చినా వేసుకోదని ఆ పేరు. ఆమె బుట్ట దించి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని సర్వేయరుని తేరిపార చూసింది.

"నువ్వా నాయనా! మొన్న పుస్తకం పట్టుకొచ్చింది నువ్వేగా?"

గుడ్లాయన తల తిప్పాడు. క్యారెట్ల అక్క తిప్పింది. సందు సందంతా తిప్పింది.

"ఇది నువ్వే పండించావా అని అడిగావు. కాదన్నాను. గబగబా రాసుకున్నావు. మరి ఎవరు పండించారని అడగలేదేం నాయనా? అడిగితే చెప్పనా? ఇదుగో, ఈవిడ పండించిందని చెప్పేదాన్ని. ఏ కాలవ పక్కనో కూడా చెప్పేదాన్ని."

గుడ్లాయన చేతిలో గుడ్డుంది. అందరూ ఆ చేతి వైపే చూస్తున్నారు. సర్వేయరు కూడా అదే చూస్తున్నాడు.

"నేనే రాశాను" అన్నాడు. "తప్పు నాదే. ఈవిడ నా అత్తగారు. నన్ను కాపాడుదామని చెప్పలేదు. నేను చెప్తున్నాను."

గుడ్లాయన చెయ్యి కొంచెం పైకి లేచింది. సర్వేయరు కళ్ళు మూసుకున్నాడు.

"విసరను లెండి" అన్నాడు గుడ్లాయన, గుడ్డుని జాగ్రత్తగా ట్రేలో పెడుతూ. "నా కోడి కష్టం మీ మీద పొయ్యనా? ఆ పుస్తకం తీయండి. కోళ్ళ పేర్లు చెప్తా, రాసుకోండి."

* * *

గురువారం సంత ఫ్లైఓవరు కింద. పైన లారీలు, కింద గుమ్మడికాయలు. సర్వేయరు ఆ రోజు పుస్తకంతో పాటు టేపు కూడా తెచ్చుకున్నాడు. మొదటి బుట్ట నుంచి చివరి బుట్ట దాకా, పేరు, ఊరు, పొలం, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ. టేపు రెండో కొస పట్టుకోవడానికి జనం పోటీపడ్డారు.

మూడో స్తంభం దగ్గర టమాటాలు పెట్టుకున్న రైతు తన ఊరు చెప్పగానే సర్వేయరు ఆగిపోయాడు.

"మీది కాలవ వంపులో, తూర్పు మూల కోసుకుపోయిన చేను కదూ? రెండు నేరేడు చెట్లుండాలి గట్టు మీద."

రైతు బిత్తరపోయాడు. "ఒకటి పడిపోయింది. మీకెలా తెలుసండీ? మా బావమరిదికే తెలియదు!"

"నేనే కొలిచాను. ఆరేళ్ళయింది."

ఆ చేను అతడికి నంబరుగా తెలుసు, గీతగా తెలుసు. అందులో టమాటాలు కాస్తాయని, అవి ఇంత ఎర్రగా ఉంటాయని, వాటిని తెచ్చే మనిషికి ముందుపళ్ళు రెండు లేవని, నవ్వితే చంటిపిల్లాడిలా ఉంటాడని తెలియదు. ఇలాంటివి ఆ పొద్దున పదిహేను దొరికాయి అతడికి. తను గీసిన గీతలన్నీ బుట్టలెత్తుకుని సిటీకి వచ్చినట్టు, ఒక్కోటీ వచ్చి పలకరిస్తున్నట్టు అనిపించింది. ఆకలి మర్చిపోయి తిరిగాడు.

ఏడింటికి భార్య అతడి భుజం పట్టుకుని ఒక తిరగేసిన పెట్టె మీద కూర్చోబెట్టింది. చేతిలో టీ గ్లాసు పెట్టింది. తనూ పక్కన కూర్చుంది. పెట్టె ఒకరికే సరిపోతుంది, ఇద్దరూ సర్దుకున్నారు.

"ముఖం వెలిగిపోతోంది మహానుభావుడికి" అంది.

"ఇంత బాగుంటుందని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పాను."

"ఊఁ అన్నానా?"

"ఊఁ కూడా అనలేదు, అప్పుడు."

ఇద్దరూ నవ్వారు. ఆమె తన గ్లాసులో మిగిలిన టీ అతడి గ్లాసులో పోసింది. ట్రాలీ ఆటో దగ్గర్నించి మరదలు, "అక్కా, ఆయన్ని కూడా బుట్టలో పెట్టెయ్, ఇంటికి తీసుకెళ్ళిపోదాం!" అని అరిచింది. అత్తగారు అటు చూడనట్టు చూసి, గుమ్మడికాయ ఒకటి అవసరం లేకపోయినా తుడిచింది.

* * *

శుక్రవారం పొద్దున్నే స్కూలు ఆవరణలోని సంత కూడా రాసుకుని, సోమ, మంగళవారాల సంగతి ఆ రైతుల్నే అడిగి నింపుకుని, పదింటికి ఇంకా ఎవరూ రాని ఆఫీసులో కూర్చుని రిపోర్టు శుభ్రంగా తిరగరాశాడు సర్వేయరు. నూట ఎనిమిది మంది రైతులు. మొదటి తనిఖీ వేళకాని వేళ జరిగిందని, తప్పు తనదేనని పైన రాశాడు. పదకొండింటికి పెద్ద ఇంజినీరు గదిలోకి తీసుకెళ్ళాడు.

పెద్ద ఇంజినీరు కళ్ళజోడు తుడుచుకుని నిదానంగా చదివాడు.

"అయిదు గంటలకి వెళ్ళారా?"

"అవును సార్. వాళ్ళుండేది అప్పుడే."

"మన ఆఫీసు వేళలెన్నింటినుంచి?"

"పదింటినుంచి సార్."

"ఆఫీసు వేళల్లో చెయ్యని తనిఖీ తనిఖీ కాదయ్యా. అది మీరు మార్నింగ్ వాక్‌కి వెళ్ళడం."

సర్వేయరుకి మొదట అర్థం కాలేదు. తర్వాత లెక్క తేలింది. రైతులు ఆఫీసు వేళల్లో ఉండరు. ఆఫీసు రైతుల వేళల్లో ఉండదు. కాబట్టి రైతులు లేరు.

"షెడ్డు కట్టేశారు" అన్నాడు ఇంజినీరు, గొంతు తగ్గించి. ఆయన కూడా దుర్మార్గుడేం కాదు, అలసిపోయిన మనిషి. "కట్టిన షెడ్డు ఖాళీగా ఉంటే నన్నడుగుతారు. ఈ కాగితం రేపు సమావేశంలో పెట్టారంటే, మొదటి రిపోర్టు అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు. సస్పెన్షన్ దాకా పోతుంది. నేనాపలేను." కాగితాలు తిరగేసి, ఒక చోట వేలు పెట్టాడు. "పదిహేడో నంబరు. మా అత్తగారు అని పక్కన రాశారు. అలాంటివి కూడా రాస్తారా ఎవరైనా!"

"దాచడం ఎందుకని, సార్."

"ఆవిడకి షెడ్డులో గేటు పక్కనే చోటు. నీడ, ఫ్యాను, కుళాయి. ఇవాళే రాయించేస్తాను. ఈ కాగితం మీ సంచిలోనే ఉండనివ్వండి."

సర్వేయరు సరేననలేదు. కాదనీ అనలేదు. కాగితం సంచిలో పెట్టుకున్నాడు.

* * *

సాయంత్రం ఆ మాట ఇంట్లో చెప్పేసరికి మరదలు కుర్చీలోంచి లేచిపోయింది.

"లంచం! ఇంట్లో మనిషికే లంచం! ఛీ అని లేచి రాకుండా ఎలా కూర్చున్నావు బావా?"

"నువ్వాగు" అంది భార్య. "అమ్మ మోకాళ్ళు చూశావా? పొద్దున లేవడానికి గోడ పట్టుకుంటోంది. నీడ దొరుకుతుందంటే వద్దనడానికి నువ్వెవరు?"

"అయితే మిగతావాళ్ళు ఎండిపోనీ అంటావా అక్కా?"

"అన్నానా అలా? అమ్మనడుగుదాం అంటున్నాను. ఈయన ఉద్యోగమూ అమ్మ సంతా రెండూ పోతే నా మిషను మీద నలుగురం బతకాలి, అదీ గుర్తుపెట్టుకో."

సర్వేయరు అత్తగారి వైపు చూశాడు. ఆమె మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని నేలకేసి చూస్తోంది. కోపం లేదు ఆ ముఖంలో. ఆశ ఉంది.

"కుళాయి కూడా ఉందా?" అంది ఆమె.

"ఉందత్తయ్యా."

"ఫ్యానుంది, కుళాయుంది." ఆమె తల ఊపుకుంది. "కూర్చుంటే హాయిగానే ఉంటుంది. ఎవరితో మాట్లాడాలి మరి? డ్యూటీ దిగిన నర్సమ్మ రెండు బస్సులు మారి డిపోకి వస్తుందా, రెండు పాలకూర కట్టల కోసం? ఆ కీరదోస తాత వస్తాడా?"

ఆమె సర్వేయరు సంచి వైపు చెయ్యి చూపించింది.

"ఏదీ, మీ కొత్త కాగితం చదవండి. మొదటినుంచి."

సర్వేయరు చదివాడు. నూట ఎనిమిది పేర్లు. క్యారెట్ల అక్క, గుడ్లాయన, టమాటాల రైతు, కాలవ వంపు, నేరేడు చెట్టు. చదువుతుంటే ఆమె పెదాలు కదులుతున్నాయి, ఒక్కో పేరుకీ ఒక్కో మనిషి కళ్ళముందుకొస్తున్నట్టు. అయిపోయింది.

"ఎండమ్మ ఏదీ?"

"ఆమె రైతు కాదు కదత్తయ్యా. ఇది రైతుల జాబితా."

"రెండో పూట వాళ్ళు ఒక్కరూ లేరా ఇందులో?"

సర్వేయరు కాగితాన్ని తిరగేశాడు, వెనక ఎక్కడైనా ఉంటారేమో అన్నట్టు. లేరు. మొదటిసారి పదకొండింటికి వెళ్ళి తెల్లవారుజాము వాళ్ళని చెరిపేశాడు. రెండోసారి అయిదింటికి వెళ్ళి పదకొండింటివాళ్ళని చెరిపేశాడు. రెండుసార్లూ నిజాయితీగానే.

"మళ్ళీ అదే పని చేశారు, అల్లుడు గారూ" అంది అత్తగారు. ఈసారి తిట్టలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "వాళ్ళు లేకపోతే ఎనిమిదింటికి నేనెలా లేస్తాను? నా మిగులంతా ఎవరికిచ్చి లేస్తాను? ఆవిడా నేనూ కలిస్తేనే ఒక చోటు. సగం చోటు రాసుకొచ్చి సంత అంటారేం?"

భార్య వచ్చి భర్త పక్కన కూర్చుంది. "ఉద్యోగం పోతుందంటే నిజంగానే పోతుందా?" అని అడిగింది.

"పోవచ్చు."

"చొక్కాలు కుట్టడం నేర్చుకుంటారా?"

"కట్టలు కట్టడం వచ్చేసింది" అన్నాడు. ఆమె నవ్వలేదు, కానీ అతడి మోచేతి మీంచి చెయ్యి తియ్యలేదు.

అత్తగారు గోడ పట్టుకుని లేచింది. మరదలు సాయం రాబోతే విదిలించేసింది. నిలబడ్డాక ఆమె మళ్ళీ ఎప్పటి మనిషే, గది సగం నిండిపోయింది.

"రాయండి. ఎండమ్మతో మొదలెట్టండి. రెండో పూట వాళ్ళందరూ ఇప్పుడే, ఈ పూటే ఎక్కాలి అందులో. పేర్లు నేను చెప్తాను. నాకు గేటు పక్క చోటు అక్కర్లేదని కూడా రాయండి, పెద్ద అక్షరాలతో. రేపు పదకొండింటికి ఆ కాగితం మీరొక్కరూ తీసుకెళ్ళరు. రెండు పూటలవాళ్ళమూ మీ వెనకాల వస్తాం, మాకు కుర్చీలు లేకపోతే నేల మీద కూర్చుంటాం. ఆ పెద్ద ఇంజినీరుకి ఒకటే చెప్పండి. రేపు అక్కడెవరూ మా సంతలు తీసెయ్యమని చెయ్యెత్తడానికి వీల్లేదు. చెయ్యెత్తాలనుకున్న ప్రతివాడూ ముందు సోమవారం తెల్లవారుజామున అయిదింటికి మా వీధికి రావాలి. వచ్చి, ఎండమ్మ లేచి వెళ్ళేదాకా, మధ్యాహ్నందాకా, మా పక్కన నేల మీద కూర్చోవాలి. కూర్చుని చూడాలి. చూశాకే షెడ్డు సంగతి ఎత్తాలి. అంతవరకూ మా చోట్లలోంచి ఒక్క ఇటుక కూడా కదలకూడదు. ఊఁ, రాయండి!"